గినీ కోడి పిల్లలను పెంచి తోటలోకి వదలడం, సాయంత్రానికి గూటికి రప్పించుకోవడం ఎలా?

విశాఖ జిల్లా ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం మండలాల్లో మామిడి, జీడి, కొబ్బరి తోటలు ఉన్నవారు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటే. "గినీ కోళ్ళను తెచ్చి తోటలో వదిలాం, రెండు రోజులు కనిపించాయి, మూడో రోజు నుంచి జాడ లేదు, ఇప్పుడేం చేయాలి?" అలా వెళ్ళిపోయిన గుంపును వెనక్కి తేవడానికి చేయగలిగింది చాలా తక్కువ. వదలడానికి ముందున్న పన్నెండు వారాల్లో చేయవలసింది మాత్రం చాలా ఉంది. అందుకే ఒక రోజు పిల్లను తెచ్చుకున్న నాటి నుంచి, ఆ పక్షి పగలంతా తోటలో మేసి పొద్దు వాలేసరికి తనంతట తానుగా గూటికి చేరే వరకు, ఏ వారంలో ఏం చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

కొందరు గిన్నె కోడి అని, కొందరు గిన్నీ కోడి అని పిలిచే ఈ పక్షి పుట్టిల్లు ఆఫ్రికా గడ్డి మైదానాలు. నాటుకోడికి ఇంటి పెరడు మీద ఉండే మమకారం దీనికి పుట్టుకతో రాదు. దీనికి తెలిసినవి రెండే: గుంపును విడిచి ఉండకూడదు, చీకటి పడేలోగా ఎత్తయిన చోటు చేరాలి. ఆ ఎత్తయిన చోటు తాటిచెట్టా, మీరు కట్టిన గూడా అన్నది మీ పెంపకాన్ని బట్టి ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఆలోచించుకోవలసినవి

గినీ కోడి గట్టిగా అరిచే పక్షి. కొత్త మనిషిని చూసినా, కుక్కను చూసినా, ఆకాశంలో గద్ద నీడ కదిలినా గుంపంతా ఒక్కసారిగా గోల చేస్తుంది. తోటలో కాపలాకు ఆ గుణం ఎంతో పనికివస్తుంది గానీ, విశాఖ నగరంలో ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఇళ్ళ మధ్య డాబా మీద పెంచడానికి ఇది తగిన పక్షి కాదు. అలాంటి చోట పెంచాలనుకునేవారికి వద్దనే చెబుతాను. చుట్టూ కనీసం ఎకరం, రెండెకరాల తోట ఉండి, పెద్ద రోడ్డు దూరంగా ఉన్నవారే దీని జోలికి వెళ్ళడం మంచిది.

రెండో విషయం కాలం. మన దేశంలో గినీ పెట్టలు సాధారణంగా మార్చి నుంచి సెప్టెంబరు వరకు గుడ్లు పెడతాయి. గుడ్డు పొదగడానికి 26 నుంచి 28 రోజులు పడుతుంది కనుక పిల్లలు ఏప్రిల్ నుంచి దొరుకుతాయి. విశాఖ వాతావరణానికి ఏప్రిల్ పిల్లలే అన్నిటికంటే మేలని నా అభిప్రాయం. అప్పుడు నేల పొడిగా ఉంటుంది, పగలు కృత్రిమ వేడి అవసరం బాగా తగ్గుతుంది, పన్నెండు వారాలు నిండేసరికి జూలై వస్తుంది, అక్టోబరు, నవంబరు తుపానులు వచ్చేలోగా పక్షులు గూటికి పూర్తిగా అలవాటుపడతాయి. జూన్, జూలైలలో తెచ్చిన పిల్లలు లేత వయసంతా వానల తేమలో గడిపి, సరిగ్గా వదలవలసిన సమయానికి తుపానుల నెలలోకి అడుగుపెడతాయి. హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని తాకింది 2014 అక్టోబరు 12న అని మనలో ఎవరూ మరచిపోలేదు. జూలై పిల్లలే దొరికితే వాటిని తీసుకోండి, కానీ తుపానుల కాలం పూర్తిగా గడిచేదాకా వదలకుండా గూట్లోనే ఉంచడానికి సిద్ధపడండి.

కావలసినవి

- పిల్లలు కనీసం పది. అయిదారు కంటే తక్కువ ఉన్న గుంపు బెదురుగా ఉంటుంది, త్వరగా చెదిరిపోతుంది.
- పిల్లల పెట్టె లేదా గుండ్రంగా కట్టిన రేకు కంచె, ఎత్తు అడుగున్నర. దాని మీద కప్పడానికి అరంగుళం కన్నుల జాలీ. అంగుళం కన్నుల జాలీలోంచి మొదటి వారం పిల్లలు దూరిపోతాయి.
- వేడినిచ్చే పాతకాలపు తీగ బల్బులు 60 లేదా 100 వాట్లవి, ఒక ఉష్ణమాపకం. ఎల్‌ఈడీ బల్బు వెలుగునిస్తుంది గానీ పిల్లలకు కావలసిన వేడినివ్వదు. దాన్ని పెట్టి పిల్లలను పోగొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు.
- వరి ఊక, ఉతికి ఎండబెట్టిన గోనె సంచులు.
- లోతు లేని నీటి పళ్ళేలు, వాటిలో పరచడానికి గోళీలు లేదా గులకరాళ్ళు.
- మేత. దాని సంగతి మూడో మెట్టులో వివరంగా రాశాను.
- మూత ఉన్న ఒక రేకు డబ్బా, అందులో గుప్పెడు చోళ్ళు (రాగులు) లేదా గంటెలు (సజ్జలు). మొత్తం శిక్షణకు ఆయువుపట్టు ఈ డబ్బాయే.
- పెద్దయ్యాక ఉండడానికి గూడు, దానిని ఆనుకుని పైన కూడా జాలీ కప్పిన దొడ్డి.

జాతుల విషయానికి వస్తే, ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ రూపొందించిన కాదంబరి, చితాంబరి, శ్వేతాంబరి మన దేశంలో పేరున్నవి. ముదురు బూడిద ఈకల మీద తెల్లని చుక్కలున్నది కాదంబరి, లేత నీలి బూడిద రంగుది చితాంబరి, తెల్లనిది శ్వేతాంబరి. తోటలో తిప్పడానికి కాదంబరినే ఎంచుకోండి, ఎందుకంటే తెల్లని పక్షి పచ్చని తోటలో గద్దకు దూరం నుంచే కనిపిస్తుంది. ఎక్కడ కొన్నా ఒకటి రెండు రోజుల పిల్లలనే కొనండి. సంతలో అమ్మే పెద్ద పక్షులను కొని తోటలో వదిలితే, అవి తమ పాత చోటు వెతుక్కుంటూ వెళ్ళిపోయే అవకాశమే ఎక్కువ.

మెట్టు మెట్టుగా

1. పిల్లలు రాకముందే చోటు సిద్ధం చేయండి. నేల మీద రెండంగుళాల మందాన వరి ఊక పరచి, దాని మీద గోనె సంచి ముడతలు లేకుండా పరవండి. చాలామంది నున్నటి వార్తాపత్రిక పరుస్తారు. గినీ పిల్లల కాళ్ళు నూలుపోగుల్లా ఉంటాయి కనుక కాగితం మీద జారి రెండు కాళ్ళు రెండు పక్కలకు చీలిపోతాయి, ఆ పిల్ల మళ్ళీ నిలబడలేదు. మొదటి సంవత్సరం నేను కూడా కాగితమే పరచి నాలుగు పిల్లలను అలా పోగొట్టుకున్నాను. కాళ్ళు చీలిన సంగతి మొదటి రెండు రోజుల్లోనే గమనిస్తే, గాయాలకు అంటించే మెత్తని పట్టీని రెండు కాళ్ళకూ కలిపి, మధ్య అంగుళం సందు ఉండేలా వదులుగా చుట్టి రెండు మూడు రోజులు ఉంచితే చాలా పిల్లలు కోలుకుంటాయి. బల్బును పిల్లలు రావడానికి కొన్ని గంటల ముందే వెలిగించి, పరుపు వేడెక్కనివ్వాలి.

2. వేడిని పిల్లల నడవడిని బట్టి సరిచూడండి. మొదటి వారం పిల్లల వీపు ఎత్తున సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఉష్ణమాపకం అవసరమే గానీ పిల్లలు చెప్పేది దానికంటే నమ్మదగినది. బల్బు కింద గుట్టగా పడి ఆగకుండా కీచుమంటుంటే చలి. గోడలకు అంటుకుని, రెక్కలు దించి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే మూలకు చేరితే అవతలి వైపు నుంచి గాలి కొడుతోందని అర్థం. చెదురుగా పడుకుని, మధ్య మధ్య లేచి తింటూ, సన్నగా కిచకిచలాడుతుంటే అంతా సరిగ్గా ఉన్నట్టు.

మన మే నెలలో మధ్యాహ్నం బల్బు ఆర్పవలసి వస్తుంది, తెల్లవారుజామున మళ్ళీ వేయవలసి వస్తుంది. అందుకే బల్బును తాడుతో కట్టి, ఎత్తు పెంచడానికీ దించడానికీ వీలుగా ఉంచుకోండి. కరెంటు పోయిన రాత్రి వేడినీళ్ళు నింపిన సీసాలను గుడ్డలో చుట్టి పిల్లల మధ్య పెట్టండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎన్నడూ పెట్టకండి. దాని విషవాయువు పిల్లలతో పాటు మనిషికీ ప్రాణాంతకం.

3. నీళ్ళు ముందు, మేత తరువాత. ప్రయాణం చేసి వచ్చిన పిల్లలకు లీటరు గోరువెచ్చని నీటిలో రెండు మూడు చెంచాల బెల్లం కలిపి మొదటి పూట ఇవ్వండి, ఆ తరువాత మామూలు నీళ్ళు చాలు. ఒక్కొక్క పిల్లను పట్టుకుని ముక్కు కొనను మాత్రమే ఒకసారి నీటిలో ముంచితే తాగడం నేర్చుకుంటుంది. పళ్ళెంలో గోళీలు తప్పక ఉండాలి, ఎందుకంటే ఈ పిల్లలు అరంగుళం లోతు నీటిలో కూడా మునిగి చనిపోతాయి. మునగకపోయినా తడిసిన పిల్ల చలికి బిగుసుకుపోతుంది. చల్లటి నీళ్ళు కూడా వాటికి పడవు, కనుక మొదటి వారం గోరువెచ్చని నీళ్ళే పోయండి.

మేతలో గినీ పిల్లకు నాటుకోడి పిల్ల కంటే ఎక్కువ మాంసకృత్తులు కావాలి. మొదటి నాలుగైదు వారాలు 24 నుంచి 26 శాతం, ఎనిమిదో వారం వరకు 18 నుంచి 20 శాతం, ఆపైన 16 శాతం ఉంటే సరిపోతుంది. టర్కీ కోడి పిల్లల మేత దొరికితే శాతం సరిగ్గా కుదురుతుంది. దొరకనప్పుడు బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్ (బ్రాయిలర్ కోడిపిల్లల తొలి మేత) తెచ్చి మిక్సీలో ఒకసారి తిప్పి సన్నగా చేసి, రోజూ ఉడికించిన కోడిగుడ్డును చిదిమి కలపండి. చెదపుట్ట తవ్వి చెదలు తెచ్చి వేస్తే పిల్లలు ఎంత ఆత్రంగా తింటాయో చూడవలసిందే.

ఇక్కడ రెండు హెచ్చరికలను శ్రద్ధగా చదవండి. మొదటిది, బ్రాయిలర్ మేతల్లో రక్తపారుడు (కాక్సిడియోసిస్) రాకుండా మందు కలుపుతారు. ఆ మందు మోనెన్సిన్ అయితే గినీ కోళ్ళు చనిపోయే ప్రమాదం ఉంది. సంచి మీది చీటీని చదవండి, చీటీలో లేకపోతే అమ్మేవారిని అడగండి, వారూ చెప్పలేకపోతే ఆ సంచి కొనకండి. మందు కలపని మేతను అడిగి తెప్పించుకోవడమే అన్నిటికంటే క్షేమం. రెండోది, భీమిలి (భీమునిపట్నం) వైపు ఎండుచేపలు చవకగా దొరుకుతాయి కదా అని పొడి చేసి పెట్టేవారున్నారు. ఉప్పు పట్టించిన ఎండుచేప పిల్లల ప్రాణం తీస్తుంది. చేప పెట్టదలిస్తే ఉప్పు లేని పచ్చిచేపను ఉడికించి, ముళ్ళు తీసి పెట్టండి. నాలుగో రోజు నుంచి ఒక మూల చిటికెడు గరుకు ఇసుక పోస్తే మేత అరుగుతుంది.

4. మొదటి రోజు నుంచే డబ్బా చప్పుడు అలవాటు చేయండి. మేత వేసే ప్రతిసారీ, వేయడానికి ముందు, రేకు డబ్బాను ఒకే తీరున మూడుసార్లు గలగలలాడించండి. తరువాత మేత వేయండి. మేత లేనప్పుడు ఆ డబ్బాను ఎన్నడూ ఆడించకండి, ఇంట్లో చిన్నపిల్లలకు ఆటగా కూడా ఇవ్వకండి. చప్పుడైతే తప్పకుండా తిండి దొరుకుతుందన్న నమ్మకం పన్నెండు వారాలపాటు ఒక్కసారి కూడా చెదరకూడదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు మేత వేసేవారైతే అందరూ అదే డబ్బాను, అదే తీరున వాడాలి, ఎందుకంటే గొంతు మారితే ఈ పక్షులు బెదురుతాయి గానీ డబ్బా చప్పుడు మారదు.

5. ఆరు వారాల వరకు పొడిగా ఉంచండి. గినీ పిల్లలను చంపేది జబ్బు కంటే ఎక్కువగా తడి. తల్లి గినీ కోడి మంచు పట్టిన గడ్డిలో పిల్లలను తిప్పి సగానికి సగం పోగొట్టుకోవడం మామూలే. తడిసిన ఊకను రోజూ చేతితో తీసి పారేసి పొడి ఊక వేయండి. వంగి పిల్లల ఎత్తున ముక్కు పెట్టి వాసన చూడండి. కళ్ళు మండితే గాలి చాలడం లేదని అర్థం. రెండు వారాలు దాటేసరికి రెక్కలు వచ్చి ఎగరడం మొదలుపెడతాయి, కనుక పైన జాలీ తప్పక ఉండాలి. చోటు విషయంలో నాలుగు వారాల వరకు పిల్లకు అర చదరపు అడుగు, ఎనిమిది వారాల వరకు ఒక చదరపు అడుగు, ఆపైన రెండు మూడు చదరపు అడుగులు లెక్క వేసుకోండి.

కొక్కెర తెగులు (రాణిఖేత్)కు టీకా ఎప్పుడు వేయాలో మీ మండల పశువైద్యుణ్ణి అడిగి ఆయన చెప్పిన ప్రకారమే వేయించండి. రెట్టలో రక్తం కనిపిస్తే రక్తపారుడు అనుకుని, ఆ రోజే ఆసుపత్రికి రెట్ట తీసుకుని వెళ్ళండి. వెళ్ళలేనివారు 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. మలద్వారం దగ్గర రెట్ట ఎండి గడ్డకట్టిన పిల్లను గోరువెచ్చని నీటి గుడ్డతో తుడిచి, ఆరిన తరువాతే గుంపులో కలపండి.

6. ఆరో వారం గూటికి మార్చండి. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి కొట్టదు. రేకుల కప్పు అయితే పైన తాటాకు కప్పండి. వాన జల్లు ఆపడానికి గోనె పరదాలు కట్టండి, కానీ పైభాగం గాలికి తెరిచి ఉంచండి. లోపల నాలుగైదు అడుగుల ఎత్తున, చేతి మణికట్టు లావున్న సరుగుడు కర్రలను అడ్డంగా కట్టండి. ఒక్కొక్క పక్షికి ముప్పావు అడుగు కర్ర కావాలి. చుట్టుపక్కల చెట్ల కొమ్మలకు దీటుగా గూట్లో ఎత్తు చూపించకపోతే పక్షి చెట్టునే కోరుకుంటుంది. జాలీని నేలలోకి అడుగు లోతున పాతి పెడితే పందికొక్కు, ముంగిస తవ్వుకుని రాలేవు. కంబాలకొండ, సింహాచలం కొండల పక్కనున్న తోటల్లో అడవిపిల్లి, మానుపిల్లి భయం కూడా ఉంటుంది కనుక తలుపు గడియ మనిషి చేతితో తప్ప తెరుచుకోనిదిగా ఉండాలి.

గూట్లో గోడ మీద ఒక చిన్న బల్బు పెట్టండి. గినీ కోడికి చీకట్లో చూపు ఆనదు, చీకటి గదిలోకి అడుగుపెట్టడానికి భయపడుతుంది. "పిలిస్తే గూటి దాకా వస్తాయి, లోపలికి పోవు" అని చెప్పేవారిని నేను ముందుగా అడిగేది లోపల దీపం ఉందా అనే.

7. ఎనిమిదో వారం నుంచి జాలీ దొడ్డిలోకి వదలండి. ఉదయం మంచు ఆరిన తరువాత దొడ్డిలోకి వదిలి, సాయంత్రం బల్బు వేసి, డబ్బా ఆడించి, గూటి లోపల మాత్రమే మేత వేయండి. దొడ్డిలోంచి అవి తోటను, మామిడిచెట్లను, మీ ఇంటిని, మీ కుక్కను రోజంతా చూస్తుంటాయి. ఆ చూడడమే వాటికి ఊరు గుర్తు. ఈ నాలుగు వారాలను తగ్గించకండి. పక్షి పెద్దదయింది, బలంగా ఎగురుతోంది అని ఎనిమిదో వారంలోనే తలుపు తీసినవారే మూడో రోజు ఫోన్ చేస్తారు.

ఈ వయసులోనే ఆడా మగా తెలుస్తాయి. రెండక్షరాల కూత, అంటే ఒక చిన్న ముక్క తరువాత సాగదీసిన ఇంకో ముక్క, పెట్ట మాత్రమే కూస్తుంది. ఒక్క ముక్క కూతను మాత్రం రెండూ కూస్తాయి కనుక, ఒంటి కూత విని పుంజని తేల్చకండి. ఒక్కో పక్షి కాలికి రంగు వలయం వేసి రాసుకుంటే తరువాత ఎంతో ఉపయోగం.

8. వదలడానికి సిద్ధమా అని పరీక్షించండి. పన్నెండో వారంలో వరుసగా ఏడు రోజులు ఈ మూడింటినీ చూడండి. దొడ్డి ఏ మూల ఉన్నా డబ్బా చప్పుడుకు నిమిషంలోపు అన్నీ గూట్లోకి చేరుతున్నాయా? ఎవరూ తోలకుండానే చీకటి పడేలోగా కర్ర ఎక్కుతున్నాయా? మీరు లోపలికి వెళ్ళినప్పుడు గోడలకు కొట్టుకోకుండా పక్కకు జరుగుతున్నాయా? ఏ ఒక్కదానికి కాదని జవాబు వచ్చినా ఇంకో వారం ఆగండి. బరువు కూడా చూడండి: సంచిలో పెట్టి తూచితే పన్నెండు వారాలకు 900 గ్రాముల నుంచి కిలో వరకు తూగాలి. బాగా తక్కువ ఉంటే నులిపురుగుల మందు గురించి పశువైద్యుణ్ణి అడగండి.

9. అన్నిటినీ ఒకేసారి వదలకండి. మొదటి రోజు ఉదయం మేత సగమే వేయండి. సూర్యాస్తమయానికి గంట ముందు, రెండు మూడు పక్షులను మాత్రమే బయటికి వదలండి. మిగతావి దొడ్డిలోనే ఉంటాయి కనుక బయటివి ఆ జాలీ చుట్టూనే తిరుగుతూ, లోపలికి దారి కోసం వెతుకుతూ అరుస్తాయి. గుంపును విడవని గుణమే ఇక్కడ మీకు తాడులా పనిచేస్తుంది. అరగంట తరువాత డబ్బా ఆడించి, తలుపు తీసి, లోపల మేత వేయండి. మరునాడు వేరే రెండు మూడింటిని వదలండి. వారం తరువాత సగం గుంపును, ఆపై వారం ముప్పాతిక గుంపును వదలుతూ, సమయాన్ని గంట నుంచి రెండు గంటలకు, తరువాత మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెంచండి. మూడో వారం చివర గానీ మొత్తం గుంపును ఒకేసారి వదలవద్దు.

గాలివాన వచ్చే రోజున, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు, దీపావళి ముందు వెనుకల మూడు నాలుగు రోజులు, ఊళ్ళో పెళ్ళి బాణసంచా ఉన్న రాత్రికి ముందు పగలు వదలకండి. ఒక్క టపాకాయ చప్పుడుకు గుంపు మొత్తం గోస్తనీ నది అవతలి ఒడ్డు దాకా పోగలదు. మామిడి, జీడి పూత మీద మందు కొట్టే రోజుల్లో మీ తోటతో పాటు పక్క తోట వారిని కూడా ముందుగా అడిగి, కొట్టిన తరువాత కొన్ని రోజులు గూట్లోనే ఉంచండి. మందు తిని చచ్చిన పురుగును ఏరుకుని తింటే పక్షి కూడా పోతుంది. ఎలుకల మందు పెట్టిన చోటుకు అసలు వెళ్ళనివ్వకండి.

10. ఏదైనా చెట్టెక్కితే. రాళ్ళు విసరకండి, కర్రతో కొట్టకండి. ఆ రాత్రి పక్షికి ఆ చెట్టు దగ్గర భయం కలిగితే, మరునాడు మీ దగ్గరికే రాదు. చెట్టు పొట్టిదైతే పూర్తిగా చీకటి పడ్డాక టార్చి పట్టుకుని వెళ్ళి, రెండు చేతులతో రెక్కలను ఒంటికి అదిమి పట్టి దించండి. చీకట్లో అది కదలదు. కాళ్ళు పట్టుకుని ఎత్తితే తొడ ఎముక తొలగుతుంది, జీవితాంతం కుంటుతుంది. ఎత్తైన చెట్టయితే వదిలేసి, తెల్లవారుతూనే మిగతా గుంపును దొడ్డిలో అరవనిచ్చి డబ్బా ఆడించండి, చాలా వరకు దిగివస్తుంది. ఒకే పక్షి మళ్ళీ మళ్ళీ చెట్టెక్కుతుంటే దాన్ని రెండు వారాలు దొడ్డిలో ఉంచి, శిక్షణను ఏడో మెట్టు నుంచి తిరిగి మొదలుపెట్టండి. ఎందుకంటే ఒకటి చెట్టు మరిగితే మిగతావి దాని వెంటే పోతాయి.

పగటిపూట గుంపును మళ్ళించాలంటే ఇద్దరు మనుషులు చెరొక పొడవాటి వెదురు కర్రను చేతులు చాచినట్టు పట్టుకుని నెమ్మదిగా వెనక నడిస్తే చాలు. పరుగెత్తితే ఎగిరిపోతాయి.

పెట్టె వద్దనుకునేవారికి ఇంకో దారి

పొదుగు పట్టిన మంచి నాటు పెట్ట ఉంటే దాని కింద పన్నెండు నుంచి పదిహేను గినీ గుడ్లు పెట్టవచ్చు. కోడిగుడ్లు 21 రోజులకే పిగులుతాయి కనుక రెండు రకాలూ కలపకండి. కోడిపిల్లలు పుట్టగానే పెట్ట లేచిపోయి గినీ గుడ్లు చల్లబడతాయి. పెట్టకు గోమార్లు, పేలు లేకుండా ముందే చూసుకోండి. పిల్లలు పుట్టిన తరువాత మొదటి నాలుగైదు రోజులు తల్లినీ పిల్లలనూ పెద్ద గంప కింద ఉంచండి, ఎందుకంటే గినీ పిల్లలకు నాటుకోడి పిలుపు వెంటనే అర్థం కాదు. నాటుకోడి సాకిన పిల్లలు దాని వెంట గూటికి రావడం నేర్చుకుంటాయి కనుక శిక్షణ శ్రమ సగానికి తగ్గుతుంది. పది, పదిహేను పిల్లలతో సరిపెట్టుకునేవారికి ఈ దారినే నేను ముందు చెబుతాను. తడి గడ్డి నియమం మాత్రం ఇక్కడా అంతే వర్తిస్తుంది: ఆరు వారాల వరకు మంచు ఆరకముందు తల్లిని వదలకండి.

రెక్కలు కత్తిరించాలా?

ఒక వైపు రెక్క పొడవాటి ఈకలను కత్తిరిస్తే పక్షి ఎత్తుకు ఎగరలేదు, ఈకలు రాలి కొత్తవి వచ్చాక మళ్ళీ ఎగురుతుంది. కానీ తోటలో తిరిగే పక్షికి కుక్క తరిమినప్పుడు ఆ రెక్కలే దిక్కు. ప్రహరీ ఉండి, పక్కనే రోడ్డున్న చోట తప్ప నేను కత్తిరించను. పామును చూసి గుంపు చుట్టుముట్టి అరుస్తుంది, ఇంట్లోవారికి హెచ్చరికగా అది మంచిదే. గినీ కోళ్ళుంటే పాములు రావనుకుని రాత్రి టార్చి లేకుండా తోటలో నడవడం మాత్రం ప్రమాదం. జెర్రిపోతు, నాగుపాము లేత పిల్లలనూ గుడ్లనూ మింగుతాయి.

వదిలిన తరువాత రోజూ చూడవలసినవి

ప్రతి సాయంత్రం తలుపు వేసేముందు లెక్కపెట్టండి. కాలి వలయాలు ఉంటే ఏది రాలేదో వెంటనే తెలుస్తుంది. తోటలో ఎంత మేసినా సాయంత్రం గూట్లో గుప్పెడు చోళ్ళు, నూకలు వేయడం ఆపకండి. పురుగులు తిని కడుపు నిండుతోంది కదా అని మేత మానేసినవారి గూళ్ళు నెలలోపు ఖాళీ అవుతాయి. పక్షి మెడ కింద మేత నిలవుండే మేతసంచిని చేతితో తడిమి చూస్తే సాయంత్రానికి నిండుగా, ఉదయానికి ఖాళీగా ఉండాలి. ఉదయానికి కూడా గట్టిగా ఉంటే ప్లాస్టిక్ ముక్కో తాడో మింగిందేమో చూసుకోండి.

ఏప్రిల్‌లో పుట్టిన పెట్టలు మరుసటి మార్చికి గుడ్లు మొదలుపెడతాయి. అప్పుడు గుంపులోని పెట్టలు పొదల చాటున ఒకే గుంతలో రహస్యంగా గుడ్లు పెట్టి, ఒక్కో రాత్రి గుడ్ల మీదే ఉండిపోతాయి, అక్కడే నక్కకో మానుపిల్లికో దొరుకుతాయి. కాబట్టి మార్చి నెల వచ్చిన నాటి నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటేదాకా గూట్లోనే ఉంచి, ఒక మూల ఎండుగడ్డి పరచి, రెండు మూడు ఉత్తుత్తి గుడ్లు పెట్టి, ఆ తరువాతే తలుపు తీయండి. తోటలో గుడ్ల గుంత కనిపిస్తే అన్నీ ఒకేసారి తీయకండి. నాలుగైదు గుడ్లు వదిలి మిగతావి తీసుకుంటే పెట్ట ఆ చోటును మార్చదు, మరునాటి గుడ్డు ఎక్కడుందో మీరు వెతుక్కోనవసరం ఉండదు.